టీవీ వాతావరణ బులెటిన్‌లోకి కొత్త గ్రాఫిక్స్ వ్యవస్థను తేవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

స్థిరమైన పటం మీద మబ్బు, గొడుగు బొమ్మలు అతికించే పద్ధతి నుంచి, డేటా నేరుగా వచ్చి కదిలే త్రీడీ పటంగా మారే వ్యవస్థకు ఎలా వెళ్లాలని తెలుగు వార్తా ఛానెళ్ల గ్రాఫిక్స్, సాంకేతిక విభాగాల వారు తరచుగా అడుగుతున్నారు. సాఫ్ట్‌వేర్ ఏది కొనాలన్న ప్రశ్న ఇందులో చిన్నది. డేటా, సమయం, పటం, తెలుగు అక్షరం అనే నాలుగింటినీ ముందుగా సరిచేసుకున్నాకే త్రీడీ జోలికి వెళ్లాలి. ఈ క్రమం తారుమారైతే ఎంత ఖరీదైన వ్యవస్థయినా తప్పు సమాచారాన్ని మరింత అందంగా చూపడానికే పనికొస్తుంది.

1. ఇప్పటి బులెటిన్‌ను విడగొట్టి చూడండి

రెండు వారాల పాటు ప్రసారమైన వాతావరణ బులెటిన్లను ముందు పెట్టుకుని, వాటిలో వాడిన ప్లేట్లన్నింటినీ (తెరపై చూపే ఒక్కో గ్రాఫిక్ చిత్రాన్నీ) జాబితాగా రాయండి. రేపు ఏ జిల్లాల్లో వర్షం, ఎంత ఎండ, సముద్రంలోకి వేటకు వెళ్లవచ్చా, అల్పపీడనం ఎక్కడుంది అనే ప్రశ్నల చుట్టూనే అవన్నీ తిరుగుతుంటాయని తేలుతుంది. మొదటి విడతకు ఆరు నుంచి ఎనిమిది దృశ్యాలు చాలు: జిల్లాల హెచ్చరికలు, రాబోయే రోజుల వర్షం, ఉష్ణోగ్రతలు, ఉపగ్రహ చిత్రం, రాడార్ చిత్రం, తుపాను మార్గం, మత్స్యకారుల హెచ్చరిక.

విజ్ ఆర్టీ (Vizrt), ది వెదర్ కంపెనీ వంటి సంస్థల ప్రత్యేక వాతావరణ వ్యవస్థను తీసుకున్నా, వీడియో గేముల తయారీకి వాడే అన్‌రియల్ ఇంజిన్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ మీద సొంతంగా నిర్మించుకున్నా, నమూనా ప్రదర్శన మాత్రం మన డేటాతో, మన పటంతో, తెలుగు అక్షరాలతో చూపమని అడగండి. అమెరికా మంచు తుపాను దృశ్యం ఎంత బాగున్నా, పార్వతీపురం మన్యం జిల్లా పేరు తెరపై సరిగా రాని వ్యవస్థతో మనకు పని లేదు.

2. ప్రారంభ సమయాన్ని ముందే నిర్ణయించుకోండి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో తుపానులు ఉంటాయి. ఈ నెలల్లో కొత్త వ్యవస్థను తెరకెక్కించడం సాహసం కాదు, తొందరపాటు. వానాకాలం చివర పని మొదలుపెట్టి, డిసెంబరు, జనవరి నెలల్లో పాత వ్యవస్థకు సమాంతరంగా నడిపి, ఫిబ్రవరిలో ప్రసారంలోకి తేవడం మంచిది. మార్చి నుంచి మే వరకు ఉష్ణోగ్రత పటాలతో సిబ్బందికి చేయి తిరుగుతుంది. జూన్ నాటికి వర్షం దృశ్యాలు సిద్ధంగా ఉంటాయి.

3. డేటా దారిని కట్టండి

ఇది ఎక్కువ సమయం తినే దశ. దీనికి ఒక మనిషిని పూర్తిగా కేటాయించండి.

హెచ్చరికలకు మూలం భారత వాతావరణ శాఖే. మన రెండు రాష్ట్రాలకు హైదరాబాద్, అమరావతి వాతావరణ కేంద్రాలు బులెటిన్లు ఇస్తాయి. విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. అలలు, ఉప్పెన సమాచారం హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) నుంచి వస్తుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘సచేత్’ వేదికలో హెచ్చరికలు యంత్రాలు చదవగలిగే రూపంలో ఉంటాయి. ఏ సంస్థ డేటానైనా నేరుగా వ్యవస్థలోకి తెచ్చుకునే ముందు ప్రసార వినియోగానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. దీనికి సమయం పట్టవచ్చు కనుక మొదటి వారంలోనే దరఖాస్తు చేయండి.

రంగుల పటాలకు, కదిలే దృశ్యాలకు సంఖ్యాత్మక నమూనాల (కంప్యూటర్ లెక్కలతో వాతావరణాన్ని అంచనా వేసే వ్యవస్థల) డేటా కావాలి. అమెరికాకు చెందిన జీఎఫ్‌ఎస్ (గ్లోబల్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్) నమూనా డేటా ఉచితంగా దొరుకుతుంది, రోజుకు నాలుగు సార్లు నడుస్తుంది. అది అంచనా ఇచ్చే బిందువుల మధ్య దూరం పావు డిగ్రీ, అంటే సుమారు 27 కిలోమీటర్లు. ఆ డేటాతో మండలాల వారీ పటం గీస్తే సాఫ్ట్‌వేర్ అభ్యంతరం చెప్పదు. కానీ అందులో కనిపించే మండలానికో తేడా వాతావరణంలో ఉన్నది కాదు, లెక్కలో పుట్టినది. భారత వాతావరణ శాఖ 2025 మే నెలలో ప్రారంభించిన 6 కిలోమీటర్ల భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ దీనికంటే సూక్ష్మమైనదే. అయినా ఒక్కో మేఘం ఏ ఊరిపై కురుస్తుందో చెప్పడానికి అదీ చాలదు.

ఇక సమయం. నమూనాలు, ఉపగ్రహ చిత్రాలు అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో వస్తాయి. దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన సమయం. కొన్ని వ్యవస్థల్లో గంటలే తప్ప అరగంట తేడాను అమర్చే వీలుండదు. అలాంటిచోట ప్రతి పటం అరగంట తప్పుతుంది, ఎవరికీ కనిపించదు. అలాగే మన దేశంలో 24 గంటల వర్షపాతాన్ని ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 వరకు లెక్కిస్తారు. అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు కూడే అలవాటున్న సాఫ్ట్‌వేర్‌ను ఈ లెక్కకు మార్చకపోతే, మీ అంకె వాతావరణ శాఖ అంకెతో ఏనాడూ సరిపోదు.

మరో జాగ్రత్త. తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సొసైటీ స్వయంచాలక వాతావరణ కేంద్రాల అంకెలు, వాతావరణ శాఖ కేంద్రాల అంకెలు వేర్వేరు కొలతలు. రెండింటినీ ఒకే పట్టికలో కలపకండి. ఏది చూపినా మూలం పేరు, కొలిచిన సమయం తెరపై ఉండాలి.

తనిఖీ జాబితా:
□ ప్రతి డేటా మూలానికి అనుమతి పత్రం ఉందా?
□ ప్రతి దృశ్యం మీద భారత కాలమానంలో సమయం పడుతోందా?
□ డేటా రాకపోతే పాత పటం వెళ్లకుండా ఆపే హద్దు పెట్టారా? (ఉదాహరణకు రాడార్‌కు 30 నిమిషాలు, ఉపగ్రహ చిత్రానికి గంట.)
□ సున్నా వర్షం, డేటా లేకపోవడం రెండూ వేర్వేరుగా కనిపిస్తున్నాయా?

చివరి అంశాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అంకె రాని జిల్లా పొడిగా ఉన్నట్లు కనిపిస్తే అది అబద్ధం చెప్పినట్టే.

4. పటాన్ని సిద్ధం చేయండి

విదేశీ వ్యవస్థలతో వచ్చే ప్రపంచ పటంలో భారత సరిహద్దులు మన అధికారిక పటంతో సరిపోవు. సర్వే ఆఫ్ ఇండియా పటానికి భిన్నమైన సరిహద్దులు చూపడం చట్టరీత్యా నేరం. అందువల్ల సరిహద్దు పొరను (పటంలో విడిగా మార్చుకోగలిగే సరిహద్దు గీతలను) మొదటి రోజే మార్చి, పాత పొరను వ్యవస్థ నుంచి పూర్తిగా తొలగించండి. దాచి ఉంచితే ఏదో ఒక రాత్రి షిఫ్టులో అది తిరిగి ప్రత్యక్షమవుతుంది.

జిల్లాల పొరను విడిగా, తేదీ వేసి ఉంచండి. తెలంగాణలో 2019 నుంచి 33 జిల్లాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022 ఏప్రిల్‌లో పునర్వ్యవస్థీకరణ తర్వాత మారాయి. ఇకముందూ మారవచ్చు. జిల్లా హద్దులను దృశ్యంలోనే గీసేస్తే, ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో అన్ని దృశ్యాలనూ మళ్లీ చేయవలసి వస్తుంది. యానాం పుదుచ్చేరిలో భాగమన్నది కూడా మరవకండి. వాతావరణ శాఖ బులెటిన్లలో కోస్తాంధ్రతో కలిపి దాని పేరు వస్తుంది.

పటాన్ని వాల్చి చూపే త్రీడీ కోణం విషయంలో నిగ్రహం కావాలి. 2005 మే నెలలో బీబీసీ త్రీడీ వాతావరణ పటాన్ని తెచ్చినప్పుడు, దక్షిణం వైపు నుంచి వాలుగా చూపడంతో స్కాట్లండ్ చిన్నదైపోయిందని ప్రేక్షకులు మండిపడ్డారు, ఆ వాలును తగ్గించవలసి వచ్చింది. మన పటాన్ని అలాగే వాలిస్తే తిరుపతి, నెల్లూరు పెద్దవై, ఆదిలాబాద్, శ్రీకాకుళం కుంచించుకుపోతాయి. జిల్లాల హెచ్చరికలను పైనుంచి నిటారుగానే చూపండి. వాలు కోణాన్ని తుపాను, ఉపగ్రహ దృశ్యాలకు పరిమితం చేయండి.

తెర విస్తీర్ణం లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాలను కలిపి చూస్తే పటం దాదాపు చతురస్రం, తెర మాత్రం 16:9 నిష్పత్తిలో వెడల్పుగా ఉంటుంది. కనుక పక్కన చోటు మిగులుతుంది. యాంకర్‌ను ఆ చోటులో ఎడమవైపున, అంటే మహారాష్ట్ర, కర్ణాటకల మీద నిలబెట్టండి. కుడివైపున బంగాళాఖాతం ఉంటుంది. మనకు వచ్చే అల్పపీడనాల్లో అధికభాగం అటునుంచే వస్తాయి కనుక దాన్ని కప్పకూడదు. ఇక తెర దిగువన మన ఛానెళ్లకు అలవాటైన రెండు మూడు స్క్రోల్ పట్టీలు చిత్తూరు, తిరుపతి జిల్లాలను మింగేస్తాయి. పట్టీలు లేని తెల్ల పటం మీద డిజైన్ చేసి మురిసిపోకుండా, బ్రేకింగ్ పట్టీతో సహా అన్నీ వేసి చూసిన తర్వాతే పటం ఎత్తును ఖరారు చేయండి.

5. తెలుగు అక్షరాలను పరీక్షించండి

కొనుగోలు ఒప్పందానికి ముందే ఈ పరీక్ష జరగాలి. పాత ప్లేట్లలో యూనికోడ్ (ఏ కంప్యూటరైనా ఒకేలా చదివే అక్షర సంకేతాలు) కాని ఖతులు (ఫాంట్లు) వాడి ఉంటారు. కొత్త వ్యవస్థలో డేటా నుంచి పేరు నేరుగా వస్తుంది కనుక యూనికోడ్ ఖతి తప్పనిసరి. నోటో సాన్స్ తెలుగు, రామభద్ర వంటివి స్వేచ్ఛగా వాడుకోగలిగే లైసెన్సుతో దొరుకుతాయి.

పరీక్షకు ఈ పదాలను వాడండి: రాష్ట్రం, ఉత్తరాంధ్ర, ఆగ్నేయ, శ్రీకాకుళం, భద్రాద్రి కొత్తగూడెం, మహబూబ్‌నగర్, పశ్చిమ మధ్య బంగాళాఖాతం. ‘రాష్ట్రం’లో రెండు ఒత్తులూ సరైన చోట కూర్చోవాలి. ‘మహబూబ్‌నగర్’లో బకార పొల్లు తర్వాత కనిపించని విభజన సంకేతం ఉంటుంది. వ్యవస్థ దాన్ని పారేస్తే నకారం కిందికి జారి ఒత్తుగా మారిపోతుంది. మామూలు అక్షరాల్లో సరిగా వచ్చినది, మందం ఉన్న త్రీడీ అక్షరాల్లో చెదిరిపోవచ్చు. అందుకే రెండింటినీ పరీక్షించాలి.

తరచుగా వచ్చే లోపాలు, వాటి సవరణలు:

అక్షరాలు ఒక్కొక్కటిగా ఎగిరివచ్చే యానిమేషన్‌లో గుణింతాలు విడిపోయి చుక్కల వలయాలు కనిపిస్తాయి. యానిమేషన్‌ను పదం స్థాయిలో అమర్చండి.

అక్షరాల మధ్య ఎడం పెంచితే ఒత్తులు పక్కకు జరుగుతాయి. ఎడం సున్నాగానే ఉంచి, ఖతి పరిమాణాన్ని మార్చండి.

పేరు వెనుక వేసే పెట్టెలో ఒత్తులు, పైన గుడులు తెగిపోతుంటాయి. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు చేసిన పెట్టె తెలుగుకు చాలదు, పైనా కిందా అదనపు చోటు ఇవ్వండి.

‘డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ’, ‘శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు’, ‘జయశంకర్ భూపాలపల్లి’ వంటి పేర్లు పటంలో ఇమడవు. ఏ పేరును ఎలా కుదించాలో, ఎక్కడ రెండు వరుసలుగా విరవాలో న్యూస్ డెస్క్ ఒక్కసారి నిర్ణయించి పట్టికగా ఇవ్వాలి. దీన్ని ఆపరేటర్ విచక్షణకు వదిలితే ఉదయం బులెటిన్‌లో ఒక పేరు, సాయంత్రం మరో పేరు కనిపిస్తాయి.

6. రంగులకు, పరిమితులకు నియమావళి రాయండి

ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు వాతావరణ శాఖ హెచ్చరికలవి. వాటిని ఉష్ణోగ్రతకో, వర్షపాతానికో వాడితే, 42 డిగ్రీల ఎరుపును ప్రేక్షకుడు రెడ్ అలర్ట్ అనుకుంటాడు. వర్షానికి లేత నీలం నుంచి ఊదా వరకు, ఉష్ణోగ్రతకు లేత గోధుమ నుంచి ముదురు గోధుమ వరకు వేరే శ్రేణులు పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేని ప్రేక్షకులు కూడా ఉంటారు కనుక హెచ్చరిక పటంలో రంగుతో పాటు గుర్తు కూడా ఉండాలి.

వర్షపాతం మెట్లను వాతావరణ శాఖ పరిమితుల దగ్గరే మార్చండి. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. వరకు భారీ, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, ఆ పైన అత్యంత భారీ వర్షం. 50, 100, 150 అని గుండ్రని అంకెలు పెడితే యాంకర్ చెప్పే మాటకు, పటంలోని రంగుకు పొంతన ఉండదు.

‘ఒకటి రెండు చోట్ల’, ‘కొన్ని చోట్ల’, ‘అనేక చోట్ల’ అనే మాటలకు నిర్దిష్టమైన అర్థాలున్నాయి. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలో వర్షాన్ని కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించనివి, ‘కొన్ని చోట్ల’ అంటే 26 నుంచి 50 శాతం. ఒకటి రెండు చోట్ల భారీ వర్షం అన్న మాటకు జిల్లా మొత్తాన్ని ముదురు నీలంతో నింపడం తప్పు. వర్షం విస్తృతిని బట్టి చుక్కల సాంద్రత మారేలా ఒక నమూనా తయారు చేసుకోండి. కొత్త సాంకేతికత వల్ల నిజంగా కలిగే లాభం ఇలాంటి చోట్లే కనిపిస్తుంది.

7. కదిలే దృశ్యాల్లో గతాన్ని, భవిష్యత్తును వేరుచేయండి

ఉపగ్రహం, రాడార్ ఇప్పటిదాకా జరిగినది చూపుతాయి. నమూనా జరగబోయేది చెబుతుంది. ఈ రెండింటినీ ఒకే ప్రవాహంగా కలిపి, మబ్బులు నిన్నటి నుంచి రేపటికి నడిచినట్లు చూపడం కంటికి హాయిగా ఉంటుంది కానీ, ప్రేక్షకుడు అంచనాను వాస్తవమనుకుంటాడు. మధ్యలో స్పష్టమైన విరామం, ‘అంచనా’ అనే ముద్ర ఉండాలి.

రాత్రి బులెటిన్‌కు ఉపగ్రహపు దృశ్యకాంతి చిత్రం పనికిరాదు, పరారుణ చిత్రమే వాడాలి. అందులో తెల్లగా కనిపించేదంతా వర్షం కాదు, ఎత్తైన చల్లని మబ్బు మాత్రమే.

విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాద్ డాప్లర్ రాడార్ల చిత్రాలను కలిపేటప్పుడు, దూరం పెరిగేకొద్దీ రాడార్ కిరణం నేల నుంచి పైకి వెళ్తుందని గుర్తుంచుకోండి. అర డిగ్రీ కోణంలో 200 కిలోమీటర్ల దూరాన అది సుమారు 4 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, కింద కురిసే జల్లు దానికి దొరకదు. రాడార్ పరిధి బయట ఉన్న ప్రాంతాన్ని లేత బూడిద రంగుతో కప్పి చూపండి.

8. తుపాను దృశ్యాన్ని విడిగా నిర్మించండి

తుపాను మార్గాన్ని వాతావరణ శాఖ అధికారిక బులెటిన్ నుంచే తీసుకోవాలి. నమూనా గీసిన సొంత మార్గాన్ని చూపే వీలునే వ్యవస్థలో తీసేయండి. గంటకు 31 నుంచి 49 కి.మీ. గాలి ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 ఉంటే తీవ్ర వాయుగుండం, 62 లేదా ఆపైన ఉంటే తుపాను. గాలి వేగాన్ని బట్టి గుర్తు దానంతటదే మారేలా అమర్చవచ్చు కానీ, పేరు మార్పును మాత్రం బులెటిన్ వచ్చాక మనిషే ఆమోదించాలి.

మార్గం చుట్టూ వేసే శంకువు తుపాను కేంద్రం వెళ్లగల పరిధిని చెబుతుంది, నష్టం జరిగే పరిధిని కాదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల సమీపంలో తీరం దాటింది, కానీ అంతకు ముందే చెన్నై మునిగింది. 2024 సెప్టెంబరు 1న వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటితే, వరద విజయవాడను, ఖమ్మాన్ని ముంచింది. అందువల్ల శంకువు ఉన్న ప్రతి దృశ్యం వెంటనే జిల్లాల వర్ష హెచ్చరికల దృశ్యం వచ్చేలా రన్‌డౌన్‌లో (బులెటిన్ అంశాల క్రమపట్టికలో) రెండింటినీ జతచేసి పెట్టండి. ఆ రెండు ఘటనల పాత డేటా సిబ్బంది అభ్యాసానికి అన్నింటికన్నా బాగా పనికొస్తుంది.

9. స్టూడియోలో అమరిక

క్రోమా గోడ (గ్రాఫిక్‌ను వెనుక చేర్చడానికి వాడే ఆకుపచ్చ గోడ) ముందు ఆకుపచ్చ చీర వద్దని అందరికీ తెలుసు. పట్టు చీర జరీ ఆ ఆకుపచ్చను ప్రతిఫలించి అంచులు తినేస్తుందని మాత్రం మొదటి రోజు దాకా చాలామంది చూసుకోరు. దుస్తుల విభాగంతో కెమెరా ముందే పరీక్ష చేయించండి. యాంకర్‌కు, గోడకు మధ్య వీలైనంత దూరం ఉంచి, గోడకు వేరే దీపాలు పెట్టండి.

ఆగ్మెంటెడ్ రియాలిటీకి (స్టూడియోలోనే వస్తువులున్నట్లు గ్రాఫిక్స్ చూపే పద్ధతికి) కెమెరా కదలికను కొలిచే ట్రాకింగ్ కావాలి. గ్రాఫిక్ తయారై కలిసేసరికి కొన్ని ఫ్రేములు ఆలస్యమవుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన నాలుగు ఫ్రేములంటే 160 మిల్లీసెకన్లు. కెమెరా చిత్రాన్ని, ధ్వనిని కూడా అంతే ఆలస్యం చేయకపోతే వస్తువు నేల మీద జారుతుంది, పెదవులకు మాట కలవదు. పరికరాలన్నీ ఒకే సింక్ సంకేతం (అన్నింటి సమయాన్నీ కలిపి ఉంచే సంకేతం) మీద నడవాలి.

2018 సెప్టెంబరులో ఫ్లోరెన్స్ హరికేన్ సమయంలో అమెరికాలోని వెదర్ ఛానెల్ యాంకర్ చుట్టూ నీరు పెరుగుతున్నట్లు చూపిన దృశ్యం చూశాక, అలాంటిదే కావాలని యాజమాన్యాలు అడగడం మామూలైంది. చేయవచ్చు, కానీ ఒక మెలిక ఉంది. మన బులెటిన్లలో ఉప్పెన ఎత్తును సాధారణ ఆటుపోట్ల మట్టానికి పైన ఎంత అని చెబుతారు, వీధిలో నీరు ఎంత లోతు అని కాదు. ఒక మీటరు ఉప్పెన అన్న మాటను యాంకర్ నడుము దాకా నీరుగా చూపితే అది వేరే సమాచారం అవుతుంది. ఫలానా చోట నేల మీద ఇంత లోతు నీరు అని అధికారికంగా చెప్పినప్పుడే ఆ దృశ్యాన్ని వాడండి.

10. యాంకర్లకు, ఆపరేటర్లకు శిక్షణ

యాంకర్ తనకు ఎదురుగా, పక్కన ఉన్న మానిటర్లలో చూసుకుంటూ ఖాళీ గోడ మీద చేయి చూపాలి. ఒక మానిటర్‌లో ఎడమ కుడి తిరగేసిన చిత్రం పెడితే అలవాటు త్వరగా వస్తుంది. జిల్లా పేరు వినగానే చేయి అక్కడికి వెళ్లేంత వరకు అభ్యాసం చేయించండి. దృశ్యం మార్చే మీట యాంకర్ చేతిలోనే ఉంటే, పీసీఆర్‌తో (ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్‌తో) సంకేతాల గందరగోళం తగ్గుతుంది.

ప్రతి షిఫ్టులోనూ వ్యవస్థ తెలిసినవారు ఇద్దరు ఉండాలి. ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరూ సెలవులో ఉన్న రోజునే వాయుగుండం తుపానుగా మారుతుంది.

11. సమాంతరంగా నడిపి, ఆ తర్వాత మారండి

కనీసం నాలుగు వారాలు కొత్త వ్యవస్థతో రోజూ పూర్తి బులెటిన్ తయారు చేసి, ప్రసారం చేయకుండా రికార్డు చేయండి. ప్రసారమైన పాత బులెటిన్‌తో, వాతావరణ శాఖ బులెటిన్‌తో జిల్లా జిల్లాకూ పోల్చండి. తర్వాత మధ్యాహ్నపు చిన్న బులెటిన్‌లో ఒక దృశ్యంతో మొదలుపెట్టి, రాత్రి ప్రధాన వార్తలకు చివరగా మారండి.

ప్రారంభానికి ముందు తనిఖీ:
□ గ్రాఫిక్స్ యంత్రం ఆగితే పది సెకన్లలో తెరకెక్కే స్థిర ప్లేట్లు ఆ పూట సమాచారంతో సిద్ధంగా ఉన్నాయా?
□ ఇంటర్నెట్ తెగితే చివరి డేటా, ముందు పెట్టిన హద్దు దాటేవరకు, దాని సమయం ముద్రతో నిలిచి ఉంటుందా?
□ పటంలోని అతి చిన్న పేరును సెల్‌ఫోన్‌లో చదవగలుగుతున్నారా? బులెటిన్‌ను ఫోన్లలో చూసేవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు.
□ పరీక్ష కోసం వాడిన పాత తుపాను డేటాను ప్రసార యంత్రం నుంచి తొలగించారా?
□ ప్రసారానికి ముందు పటాన్ని చూసి సంతకం చేసే బాధ్యత ఒక సబ్ ఎడిటర్‌కు పేరు పెట్టి అప్పగించారా?

సంతకం చేసే సబ్ ఎడిటర్ మూడే చూడాలి: పటం మీది సమయం, హెచ్చరిక రంగులు వాతావరణ శాఖ బులెటిన్‌తో సరిపోవడం, యాంకర్ స్క్రిప్టులోని జిల్లాల పేర్లు పటంలోని రంగులతో సరిపోవడం. తేడా కనిపిస్తే గ్రాఫిక్‌ను అప్పటికప్పుడు చేత్తో దిద్దించవద్దు. ఆ దృశ్యాన్ని ఆపి స్థిర ప్లేటు వేయించి, తప్పు డేటాలో ఉందా, రంగుల నియమంలో ఉందా, జిల్లా పొరలో ఉందా అన్నది బులెటిన్ ముగిశాక వెతికి లాగ్ పుస్తకంలో రాయించండి.